పిండిపదార్థపు నురుగులో తేమ: దృఢత మోడల్‌లో దాన్ని ఎక్కడ ప్రవేశపెట్టాలి?

ప్రశ్న: నురుగుగోడ

నమస్కారం. స్టార్చ్ ప్రధానంగా, కొద్దిపాటి కైటోసాన్ (రొయ్యల పెంకు వంటివాటి నుంచి తీసే పాలిమర్) కలిపి, ఫ్రీజ్ డ్రైయింగ్ పద్ధతిలో (గడ్డకట్టించి, మంచును నేరుగా ఆవిరిగా తీసేసి) తయారుచేసిన నురుగు మీద పని చేస్తున్నాను. గ్లిసరాల్ వంటి ప్లాస్టిసైజర్ (పదార్థాన్ని మెత్తబరిచే ద్రవ్యం) ఏదీ కలపలేదు. పొడి నురుగు సాంద్రత ఘనపు మీటరుకు 45 కిలోలు, గోడల పదార్థపు సాంద్రత సుమారు 1500 కిలోలు, కాబట్టి సాపేక్ష సాంద్రత 0.03. నురుగులోని గదులు (గాలి ఖాళీలు) ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉన్నాయి, వాటి వ్యాసం 100 నుంచి 200 మైక్రోమీటర్లు, గోడల మందం దాదాపు 4 మైక్రోమీటర్లు. 20 మిల్లీమీటర్ల ఘనాలుగా కోసి, 25 °సెల్సియస్ వద్ద సంతృప్త లవణ ద్రావణాల పైన ఉంచి, బరువు స్థిరపడ్డాక సంపీడన పరీక్ష చేస్తున్నాను. లిథియం క్లోరైడ్‌తో 11%, మెగ్నీషియం క్లోరైడ్‌తో 33%, సోడియం బ్రోమైడ్‌తో 58%, సోడియం క్లోరైడ్‌తో 75%, పొటాషియం క్లోరైడ్‌తో 84%, పొటాషియం నైట్రేట్‌తో దాదాపు 93% సాపేక్ష ఆర్ద్రత వస్తుంది.

మోడల్ విషయంలో 1982లో గిబ్సన్, ఆష్బీ ఇచ్చిన సంబంధంతో మొదలుపెట్టాను: నురుగు యంగ్ గుణకం (దృఢతకు కొలమానం), గోడ పదార్థపు యంగ్ గుణకాన్ని సాపేక్ష సాంద్రత వర్గంతో గుణిస్తే వచ్చేదానికి అనులోమంగా ఉంటుంది. గోడ గుణకం తేమశాతంతో ఘాతీయంగా తగ్గుతుందని అనుకున్నాను. 33% నుంచి 75% వరకు ఇది చక్కగా సరిపోతోంది. కానీ 11% వద్ద నురుగు, మోడల్ చెప్పినదానికంటే మెత్తగా ఉంది. 84%కీ 93%కీ మధ్య దృఢత ఒక్కసారిగా పడిపోతోంది, ఆ పతనాన్ని ఏ ఘాతాంకమూ పట్టుకోలేకపోతోంది. పైగా స్థిరమైన భారం కింద ఉంచి ఆర్ద్రతను 33%, 75% మధ్య మారుస్తూ ఉంటే, 75% వద్ద నిలకడగా ఉంచిన నమూనా కంటే ఎక్కువగా కుంగుతోంది.

రంధ్రాలున్న పదార్థం కాబట్టి బయో సిద్ధాంతం (ద్రవంతో నిండిన రంధ్రాలున్న ఘనపదార్థాల యాంత్రిక సిద్ధాంతం) ప్రకారం రంధ్రజల పీడనాన్ని మోడల్‌లోకి తీసుకోవాలని ఒక సలహా వచ్చింది. ఆ దారి సరైనదేనా? కాకపోతే తేమను ఏ చరరాశిగా, సమీకరణంలో ఏ చోట ప్రవేశపెట్టాలి?

జవాబు: గాజుస్థితి

నురుగుగోడ గారూ, ముందుగా మీ నురుగులో నీరు ఎక్కడుందో తేల్చుకుంటే, బయో సిద్ధాంతం అవసరమా కాదా అన్నది దానంతట అదే తేలిపోతుంది. సన్నని రంధ్రాల్లో ఆవిరి ఎప్పుడు ద్రవమవుతుందో చెప్పే కెల్విన్ సమీకరణం ప్రకారం 25 °సెల్సియస్ వద్ద, నీరు గోడను పూర్తిగా తడుపుతుందనుకుంటే, 50% ఆర్ద్రతలో ఆవిరి ద్రవంగా మారి నిలవగలిగే రంధ్రపు వ్యాసార్ధం 1.5 నానోమీటర్లు, 90% ఆర్ద్రతలో దాదాపు 10 నానోమీటర్లు. మీ గదుల వ్యాసార్ధం 50 మైక్రోమీటర్లకు తక్కువ కాదు. అలాంటి గది నీటితో నిండాలంటే ఆర్ద్రత సంతృప్త స్థితికి వెంట్రుకవాసి దూరంలోకి రావాలి. కనుక మీ ప్రయోగాలన్నిటిలోనూ గదుల్లో ఉన్నది గాలి, ఆవిరి మాత్రమే, నీరంతా గోడల పదార్థంలో కరిగి ఉంది. రంధ్రాల్లో ద్రవం లేనప్పుడు రంధ్రజల పీడనమనే పదానికి చోటే లేదు. ఏరోజెల్‌ల (అతి సన్నని రంధ్రాలుండే తేలికైన ఘనపదార్థాల) సంగతి వేరు. వాటి రంధ్రాలు పదుల నానోమీటర్ల స్థాయిలో ఉంటాయి, 10 నానోమీటర్ల వ్యాసార్ధమున్న నెలవంక (రంధ్రంలో వంపు తిరిగిన నీటి ఉపరితలం) వెనుక దాదాపు 14 మెగాపాస్కల్‌ల కేశనాళిక పీడనం ఉంటుంది, ఆ పీడనానికి నిర్మాణమే నలిగిపోవచ్చు. మీ నురుగును నీటిలో ముంచి పిండే పరీక్ష చేస్తే అప్పుడు బయోను పిలవండి.

తేమ అసలు పని గోడలో జరుగుతోంది. నీటి అణువులు పాలిమర్ గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలను సడలించి, గాజు పరివర్తన ఉష్ణోగ్రతను, అంటే గాజులా బిగుసుకున్న పదార్థం రబ్బరులా మెత్తబడే ఉష్ణోగ్రతను, కిందికి దించుతాయి. ఈ దిగుదలను లెక్కించడానికి గోర్డన్, టేలర్ 1952లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ మొదటి ఆశ్రయం. పొడి స్టార్చ్‌కు 500 కెల్విన్, నీటికి 136 కెల్విన్, సూత్రంలోని స్థిరాంకానికి 5 తీసుకుని లెక్కవేసి చూడండి. నీరు 10% ఉన్నప్పుడు పరివర్తన 97 °సెల్సియస్ వద్ద ఉంటుంది. 15% వద్ద అది 56 °కు, 20% వద్ద దాదాపు 25 °కు, అంటే సరిగ్గా మీ ప్రయోగశాల ఉష్ణోగ్రతకు దిగివస్తుంది. 25% దగ్గర సున్నాకు కిందికి పోతుంది. స్టార్చ్ 84% ఆర్ద్రతలో 15% చుట్టుపక్కల, 93% ఆర్ద్రతలో 20%కు దగ్గరగా నీటిని పట్టుకుంటుంది కాబట్టి, మీరు చూసిన పతనం గాజు స్థితి నుంచి రబ్బరు స్థితికి జరిగిన ప్రయాణమే. ఒక జాగ్రత్త: ఈ సూత్రంలోని శాతం తడి పదార్థపు మొత్తం బరువులో నీటి భాగం. శోషణ వక్రాలను (ఏ ఆర్ద్రతలో పదార్థం ఎంత నీటిని పట్టుకుంటుందో చూపే గీతలను) సాధారణంగా పొడి బరువు మీద గీస్తారు. పొడి బరువు మీద 25% అంటే తడి బరువు మీద 20%. ఈ రెంటినీ కలిపేసి గీసిన పటాలు అచ్చులో కూడా కనిపిస్తుంటాయి.

కాబట్టి నా సూచన ఇది. తేమశాతాన్ని నేరుగా దృఢతకు తగిలించకండి. ఆర్ద్రత నుంచి తేమశాతానికి, శోషణ వక్రాన్ని వర్ణించే జీఏబీ సమీకరణంతో వెళ్లండి. అదే పనికి వాడే 1938 నాటి బీఈటీ సమీకరణం 0.4 లేదా 0.5 జలక్రియాశీలత (సమతాస్థితిలో సాపేక్ష ఆర్ద్రతను 100తో భాగిస్తే వచ్చే విలువ) దాటితే నమ్మదగినది కాదు, జీఏబీ 0.9 వరకు పనికొస్తుంది. మీ 93% బిందువు ఆ హద్దుకు కాస్త అవతల ఉంది కాబట్టి అక్కడ సమీకరణం కంటే తూచిన బరువునే నమ్మండి. తేమశాతం నుంచి పరివర్తన ఉష్ణోగ్రతకు, ప్రయోగ ఉష్ణోగ్రత దానికి ఎంత దూరంలో ఉందన్నదాని నుంచి గోడ గుణకానికి రండి. మెట్ల ఆకారంలో పడే ఆ గుణకానికి పెలెగ్ ప్రతిపాదించిన ఫెర్మి తరహా ప్రమేయం (ఎత్తు నుంచి కిందికి ఎస్ ఆకారంలో దిగే వక్రం) సరళంగా ఉంటుంది, అందులో పతనపు కేంద్రం, దాని వెడల్పు అనే రెండే పరామితులు. అది వర్ణన మాత్రమే, వివరణ కాదు, అయినా మీ ఘాతీయ ప్రమేయం కంటే ఎంతో నిజాయితీ గలది. ఏ నునుపైన వక్రాన్నయినా ఒక చిన్న ముక్క వరకు ఘాతీయంగా చూపించవచ్చు, 33% నుంచి 75% వరకు మీకు సరిపోయింది అందుకే.

ఇక 11% సంగతి. బాగా పొడిగా ఉన్న స్టార్చ్ పదార్థాల్లో కొద్దిపాటి నీరు చేరినప్పుడు దృఢత పెరగడం కొత్త విషయమేమీ కాదు, దీన్ని యాంటీప్లాస్టిసైజేషన్ అంటారు. గొలుసుల మధ్య మిగిలిన ఖాళీని నీటి అణువులు పూరించడం వల్ల స్థానిక కదలికలు అణగిపోతాయన్నది ప్రచారంలో ఉన్న వివరణ. మీ 11% బిందువును మోడల్‌లో ఇరికించాలని పట్టుబట్టకుండా, మోడల్ పరిధిని 33% నుంచి మొదలుపెట్టడం నా దృష్టిలో తప్పేమీ కాదు.

జవాబు: ఘాతాంకం

గాజుస్థితి గారు గోడ గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను గాని, గోడ గుణకాన్ని సరిచేసుకుంటే నురుగు దానంతట అదే సరిపోతుందన్న భావన మీ మనసులో నాటుకోకముందే ఒక అడ్డు చెప్పాలి.

సాపేక్ష సాంద్రత వర్గం అన్నది గోడలు వంగడం వల్ల వికృతి వస్తుందన్న ఊహ మీద నిలిచిన ఫలితం. ఫ్రీజ్ డ్రైయింగ్ నురుగుల్లో మంచు స్ఫటికాలు పెరిగిన దిశలో గదులు సాగి ఉంటాయి, ఆ దిశలో ఘాతాంకం 1 వైపుకు, అడ్డ దిశలో 2 లేదా 3 వైపుకు జరుగుతుంది. మీరు ఘనాలను ఏ దిశలో నొక్కారో రాయలేదు. ఘాతాంకాన్ని 2 అని బిగించేసి గోడ గుణకాన్ని వెనక్కి లెక్కిస్తే, జ్యామితిలోని పొరపాటంతా తేమ ఖాతాలోకి వెళ్తుంది. ఒకే తేమ వద్ద మూడు నాలుగు సాంద్రతల నురుగులను పరీక్షించి ఘాతాంకాన్ని ముందు కొలవండి. ఆ పైన అదే ద్రావణం నుంచి పలుచని పొర పోసి, అవే ఆర్ద్రతల వద్ద దాని గుణకాన్ని విడిగా కొలిస్తే, గోడకు మీరు కల్పించిన విలువ నిజమో కాదో తెలుస్తుంది. పొరలోని స్ఫటికీయత (గొలుసులు క్రమంగా అమరిన భాగం ఎంతన్నది) నురుగు గోడలో ఉన్నంతే ఉండకపోవచ్చు, కానీ ఈ పోలిక లేకుండా తేమ మోడల్ గాలిలో మేడే.

గోడ ఉబ్బితే సాపేక్ష సాంద్రత మారదా అని తరచు అడుగుతారు. నురుగు స్వేచ్ఛగా ఉండి, గోడ పదార్థం అన్ని దిశల్లో సమంగా ఉబ్బితే, మొత్తం ఆకారం అదే నిష్పత్తిలో పెద్దదవుతుంది, సాపేక్ష సాంద్రత అంతే ఉంటుంది. నమూనాను పరీక్షా యంత్రపు పళ్లాల మధ్య బిగించి ఉబ్బనిస్తే మాత్రం ఈ లెక్క చెల్లదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది నలిగే ప్రతిబలం. మీరు గుణకం గురించే రాశారు గాని, తేమ పెరిగినప్పుడు నలిగే విధానమే మారిపోతుంది. పొడి నురుగులో గోడలు పెళుసుగా విరుగుతాయి, ప్రతిబలం వికృతి వక్రం రంపపు పళ్లలా ఉంటుంది. మధ్యస్థ తేమలో గోడల కీళ్ల దగ్గర ప్లాస్టిక్ వంపు ఏర్పడుతుంది, రబ్బరు స్థితిలో గోడలు స్థితిస్థాపకంగా ఒరిగి, భారం తీయగానే లేస్తాయి. గిబ్సన్, ఆష్బీ సూత్రాల్లో ఒరుగుడు ప్రతిబలం గోడ గుణకానికి 0.05 రెట్లు, సాపేక్ష సాంద్రత వర్గానికి అనులోమం. ప్లాస్టిక్ పతన ప్రతిబలం గోడ లొంగుబాటు ప్రతిబలానికి (పదార్థం శాశ్వతంగా వంగడం మొదలయ్యే ప్రతిబలానికి) 0.3 రెట్లు, సాంద్రత 1.5 ఘాతానికి అనులోమం. ఈ రెండూ సమానమయ్యే చోటును లెక్కిస్తే, సాపేక్ష సాంద్రత, లొంగుబాటు ప్రతిబలానికీ గుణకానికీ ఉన్న నిష్పత్తి వర్గానికి 36 రెట్లు అవుతుంది. పాలిమర్లలో ఆ నిష్పత్తి 1/30 అనుకుంటే, వచ్చే విలువ 0.04. మీ నురుగు 0.03 వద్ద, అంటే దాదాపు గట్టు మీదే కూర్చుంది. తేమతో ఆ నిష్పత్తి కొంచెం కదిలినా నురుగు ఒక విధానం నుంచి మరో విధానంలోకి జారుతుంది. కాబట్టి గుణకానికీ, నలిగే ప్రతిబలానికీ తేమ ప్రభావానికి ఒకే సవరణ సంఖ్యను వాడవద్దు.

పరీక్ష గురించి ఒక చిన్న మాట. కోసిన ముఖాల మీద తెగిన గోడలు మొదటి కొద్ది వికృతిలోనే నలిగిపోతాయి కనుక, లోడింగ్ వక్రపు తొలి వాలు నుంచి తీసిన గుణకం తక్కువగా వస్తుంది. పెళుసైన పొడి నమూనాల్లో ఇది మరీ ఎక్కువ. మీ 11% విలువ తగ్గడానికి ఎండినప్పుడు పుట్టిన సూక్ష్మ పగుళ్లు, ఈ అంచు ప్రభావం కారణాలు కావని తేల్చుకున్న తర్వాతే యాంటీప్లాస్టిసైజేషన్ పేరు ఎత్తండి. కొద్ది వికృతి వరకు నొక్కి, వెనక్కి తీసే వాలును కొలిస్తే చాలావరకు స్పష్టత వస్తుంది.

ప్రశ్నకర్త: నురుగుగోడ

ఇద్దరికీ ధన్యవాదాలు. మంచు పెరిగిన దిశకు అడ్డంగానే నొక్కాను, రెండో దిశలోనూ చేస్తాను. కుంగుబాటు ప్రయోగంలో ఒక్కో ఆర్ద్రతను ఆరు గంటలు ఉంచాను. 4 మైక్రోమీటర్ల గోడలోకి నీరు సెకన్లలో చొచ్చుకుపోతుందని లెక్క వచ్చింది కాబట్టి, ప్రతి దశలోనూ నమూనా అంతా సమతాస్థితిలో ఉందనే భావించాను. అలాంటప్పుడు చక్రీయ ఆర్ద్రతలో అదనపు కుంగుబాటు ఎందుకు రావాలి?

జవాబు: విసరణం

గోడ లెక్క సరైనదే. విసరణ గుణకం సెకనుకు 10⁻¹² చదరపు మీటర్లు అనుకున్నా, 2 మైక్రోమీటర్ల అర్ధమందానికి నాలుగు సెకన్లు చాలు. కానీ ఆ గోడ దాకా ఆవిరి చేరాలి కదా, అసలు ఆలస్యం అక్కడుంది. ఆర్ద్రత 33% నుంచి 75%కు మారినప్పుడు ఒక ఘనపు మీటరు గాలిలో ఆవిరి పెరిగేది 10 గ్రాములలోపే. అదే ఘనపు మీటరు నురుగు, తేమశాతం 6 పెరిగిందనుకుంటే, 2.7 కిలోల నీటిని మింగుతుంది. అంటే గాలిలో పెరిగే ఆవిరికి దాదాపు 280 రెట్లు నీటిని దారిలోని గోడలే లాక్కుంటున్నాయి. గాలిలో ఆవిరి విసరణ గుణకం సెకనుకు 2.5 × 10⁻⁵ చదరపు మీటర్లు ఉన్నా, నురుగులో అది దాదాపు 9 × 10⁻⁸కి పడిపోతుంది. 10 మిల్లీమీటర్ల అర్ధమందానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది.

ఉష్ణాన్ని లెక్కలోకి తీసుకుంటే ఇంకా ఆలస్యం. 2.7 కిలోల ఆవిరి గోడల్లో చేరినప్పుడు విడుదలయ్యే గుప్తోష్ణం 6.6 మెగాజౌళ్లు. మీ నురుగు ఘనపు మీటరు ఉష్ణధారిత ఒక్కో డిగ్రీకి 63 కిలోజౌళ్ల ప్రాంతంలో ఉంటుంది. ఆ వేడి బయటికి పోకపోతే ఉష్ణోగ్రత 100 డిగ్రీలు పెరగాలి. నిజంగా అంత పెరగదు, ఎందుకంటే నాలుగైదు డిగ్రీలు వేడెక్కగానే స్థానిక ఆర్ద్రత పడిపోయి శోషణ మందగిస్తుంది. అంటే వేడి బయటికి పోయే వేగమే తేమ లోపలికి వచ్చే వేగాన్ని శాసిస్తుంది, నురుగేమో మంచి ఉష్ణబంధకం. స్థిర ఉష్ణోగ్రత వద్ద ఫిక్ నియమం (విసరణ వేగం గాఢతల తేడాకు అనులోమమనే నియమం) ఒక్కటే రాసుకుని, సరిపోయే విసరణ గుణకాన్ని వెతికేవారికి, నమూనా మందం మారగానే గుణకం కూడా ఎందుకు మారుతోందో అంతు చిక్కదు. నమూనా మధ్యలో సన్నని థర్మోకపుల్ (ఉష్ణోగ్రతను కొలిచే తీగ) పెట్టి చూడండి.

ఆరు గంటలు వీటన్నిటికీ సరిపోవచ్చు, కాబట్టి మీ అదనపు కుంగుబాటును అసంపూర్ణ సమతాస్థితి మీదకు మాత్రమే నెట్టలేం. ఇలాంటి ప్రవర్తనను చెక్కలో ఆర్మ్‌స్ట్రాంగ్, కింగ్‌స్టన్ 1960లో ప్రకటించారు, కాగితంలోనూ అది సుపరిచితమే. మెకానో సార్ప్టివ్ క్రీప్ (క్రీప్ అంటే స్థిర భారం కింద మెల్లగా పెరిగే కుంగుబాటు) అనే ఈ దృగ్విషయంలో వికృతి, కాలంతో కాక, తేమలో వచ్చే ప్రతి మార్పుతో పెరుగుతుంది. మోడల్‌లో సాధారణంగా దీన్ని ప్రతిబలం, తేమ మార్పు రేటు పరమవిలువ, ఒక స్థిరాంకం ఈ మూడింటి లబ్ధంగా అదనపు వికృతి రేటుకు కలుపుతారు. కారణం మీద ఏకాభిప్రాయం లేదు. తేమ మారేటప్పుడు పుట్టే తేమ వాలుల (చోటుకూ చోటుకూ తేమలో ఉండే తేడాల) వల్ల కొన్ని భాగాల మీద ప్రతిబలం పోగుపడి అక్కడ క్రీప్ ఎక్కువవుతుందనేది ఒక వాదం. నీటి అణువుల రాకపోకలు గొలుసుల అమరికను కదిలించి, కాలక్రమంలో బిగుసుకున్న గాజును మళ్లీ సడలిస్తాయనేది ఇంకొకటి. ఈ రెంటినీ వేరుచేయడానికి మీ పదార్థం చెక్క కంటే అనువైనది. గోడ ఎంత పలుచనిదంటే, గోడ మందంలో తేమ వాలు నిలవదు. వాలు ఉంటే ఘనం మొత్తం మందంలోనే ఉండాలి. 20 మిల్లీమీటర్ల ఘనంతో పాటు 5 మిల్లీమీటర్ల పలకను కూడా అదే ప్రతిబలం కింద, అవే చక్రాలలో ఉంచండి. పలకలో అదనపు కుంగుబాటు బాగా తగ్గితే మొదటి వాదానికి బలం, అంతే ఉంటే రెండోదానికి.

ప్రతిబలం తిరిగి తేమశాతాన్ని మారుస్తుందా అన్న సందేహం వస్తే దాన్ని పక్కన పెట్టవచ్చు. వాయు స్థిరాంకం, ఉష్ణోగ్రతల లబ్ధాన్ని నీటి మోలార్ ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేది 137 మెగాపాస్కల్‌లు. గోడలో సగటు ప్రతిబలం ఒక మెగాపాస్కల్ ఉంటే జలక్రియాశీలత మారేది 1%లోపే. తేమ నుంచి యాంత్రిక ప్రవర్తనకు ఒకవైపు సంధానం చాలు, రెండువైపులా కలిపి పరిష్కరించే భారీ గణనకు దిగవలసిన పని లేదు.

జవాబు: గాజుస్థితి

విసరణం గారి ఉష్ణ లెక్క చాలా ఉపయోగకరం. నేను రెండు విషయాలు చేర్చాలి.

మొదటిది హిస్టరిసిస్, అంటే నమూనా వచ్చిన దారిని బట్టి ఫలితం మారడం. ఒకే ఆర్ద్రత వద్ద, ఆరుతూ వచ్చిన నమూనాలో తేమశాతం, తడుస్తూ వచ్చిన నమూనాలో కంటే ఎక్కువ. చక్రీయ ప్రయోగంలో మీరు ఈ రెండు శాఖల మధ్య తిరుగుతున్నారు. అందువల్ల గోడ గుణకాన్ని తేమశాతంతోనే ముడిపెట్టండి, ఆర్ద్రతతో కాదు. రవాణా సమీకరణంలో మాత్రం చోదకబలం జలక్రియాశీలతే. ఈ రెంటినీ కలిపే శోషణ వక్రం ఒకటి కాదు రెండని మోడల్‌కు తెలియాలి.

రెండోది 93% బిందువు. ఆ తేమలో గోడ రబ్బరు స్థితి అంచున ఉంటుంది కాబట్టి స్టార్చ్ గొలుసులు కదిలి, రోజులు గడిచేకొద్దీ మళ్లీ స్ఫటికీకరణ చెందుతాయి. స్ఫటికాల్లోకి అదనపు నీరు అంత తేలిగ్గా చొరబడదు, గోడ క్రమంగా గట్టిపడుతుంది. పైగా అక్కడ బూజు పట్టే ప్రమాదం కూడా ఉంది, బూజు పట్టిన నమూనా బరువు స్థిరపడిందన్న మాటకు అర్థం లేదు. బరువు స్థిరపడిన వెంటనే కొన్ని నమూనాలను, ఒక వారం ఆగి మరికొన్నింటిని పరీక్షించండి. 93% నుంచి 58%కు తిరిగి తెచ్చిన నమూనా తేమశాతాన్ని తూచి, నేరుగా 58%కు చేరిన నమూనాల వక్రం మీద అదే తేమశాతం వద్ద ఉన్న గుణకంతో పోల్చండి. తేడా వస్తే, మీ చరరాశుల జాబితాలో తేమతో పాటు స్ఫటికీయత కూడా చేరాలి. ఎక్స్‌రే వివర్తనంతో దాన్ని కొలవవచ్చు.